ఇరవయ్యో నంబరు డబ్బా

1964 జూన్ నెలలో నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇంకా ఉన్నారు, నేను చెప్పబోయేది వాళ్లు గొప్పగా చెప్పుకునే సంగతీ కాదు, నేను చెప్పుకునేదీ కాదు.

హెల్త్ విజిటర్ అంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. మెడికల్ ఆఫీసరు కింద, మిడ్‌వైఫుల పైన ఉండే ఉద్యోగం. కాన్పులు, పసిపిల్లల బరువులు, టీకాలు, మంత్రసానులకు చేతులు కడుక్కోవడం నేర్పడం, వీటన్నిటికీ రిజిస్టర్లు రాయడం. సెంటరుకు జీపు ఉండేది, అది నడిచిన రోజులకంటే నిలబడ్డ రోజులే ఎక్కువ. కాబట్టి నా ఉద్యోగం అసలు పేరు నడక. ఊళ్లో మాత్రం నన్ను డాక్టరమ్మా అని పిలిచేవాళ్లు. ఏ ఉత్తర్వూ లేకుండా వచ్చిన ఆ ప్రమోషనును నేను కాదనలేదు.

నేను చేరిన రెండు నెలలకు పై నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. పట్నంలో పిల్లల మానసిక వైద్యం చూసే ఒక పెద్ద డాక్టరు ఒక మందు మీద పరిశోధన చేస్తున్నారనీ, పల్లెపిల్లలు కూడా కావాలనీ, మా సెంటరు ఇరవై మందిని చేర్పించాలనీ దాని సారాంశం. ఎలాంటి పిల్లలంటే, ఒకచోట కూర్చోలేనివాళ్లు, చెప్పింది చెవికెక్కనివాళ్లు, ముందూ వెనకా చూడకుండా ఉరికేవాళ్లు. ఇప్పుడు దీనికి ఏడీహెచ్‌డీ అని పొట్టి పేరు వచ్చింది. అప్పుడు ఆ డాక్టరుగారు నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఒకటి చెప్పారు. ఊళ్లో కాలు నిలవని పిల్ల అనేవాళ్లు, లేదా గాలి సోకిందనేవాళ్లు. చాలామంది అసలు ఏ పేరూ పెట్టకుండా రెండు తగిలించేవాళ్లు.

డాక్టరుగారు ఒకసారి వచ్చి మాకు పద్ధతి వివరించారు. నెమ్మదైన మనిషి, నా వంటి చిన్న ఉద్యోగితో కూడా మీరు అనే మాట్లాడేవారు. పిల్లకు ఆరేళ్లు నిండాలి, పదేళ్లు దాటకూడదు. బడి రిజిస్టరులో పేరుండాలి, నిలకడ లేదని పంతులు రాసివ్వాలి. తల్లో తండ్రో వేలిముద్ర వేయాలి. మొదటి రోజు బరువు చూడాలి, మళ్లీ ఆరు వారాలకు చూడాలి. ఒక్కొక్క పిల్లకు నంబరు వేసిన ఒక రేకు డబ్బా ఇస్తారు. కొన్ని డబ్బాల్లో అసలు మందు, కొన్నింట్లో అచ్చం అలాగే ఉండే చక్కెర గోళీలు. ఏది ఎందులో ఉందో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ జాబితా పట్నంలో ఒక బీరువాలో తాళం వేసి ఉంటుంది. మందు పనిచేయాలని మనసులో కోరిక ఉన్నవాడి కళ్లు మోసం చేస్తాయి, అందుకని ఈ ఏర్పాటు అని ఆయన చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది. నా కళ్లకు కూడా వర్తిస్తుందని అప్పుడు అనుకోలేదు.

వారం వారం నేను ఇంటింటికీ వెళ్లి మిగిలిన గోళీలు చూసి ఒక ఫారం నింపాలి. అందులో కూర్చున్నదా, పేరు పెట్టి పిలిస్తే పలికిందా వంటి ప్రశ్నలు ఉండేవి. చివరి గడిలో ‘తల్లి ఏమైనా ఫిర్యాదు చేసిందా?’ అని ఉండేది.

పందొమ్మిది మందిని చేర్చడానికి నా చెప్పులు ఒక జత అరిగిపోయాయి. కొందరు సూది కాదు కదా అని అడిగి ఒప్పుకున్నారు. కొందరు ఆపరేషను కాదు కదా అన్నారు. వేలిముద్ర అంటే భూమి పోతుందేమోనని భయపడి తలుపేసుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను నేను తప్పు పట్టను. ఫారం ఇంగ్లీషులో టైపు చేసి ఉండేది. దాన్ని నేను తెలుగులో చదివి చెప్పేదాన్ని. చక్కెర గోళీల సంగతి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గేది. ‘ఇది మందు కావచ్చు, కాకపోవచ్చు’ అని ఎండన పడి వచ్చిన తల్లికి చెప్పడం ఎంత కష్టమో ఆ ఫారం టైపు చేసినవాళ్లకు తెలియదు. ఇరవయ్యో పిల్ల మాత్రం దొరకలేదు. మెడికల్ ఆఫీసరుగారు రిటైరు కావడానికి ఏడాది ఉన్న మనిషి, ఎవరి మీదా అరవరు. రోజూ పొద్దున ‘ఇంకొకరే కదమ్మా’ అని మాత్రం అనేవారు. అరిస్తేనే నయమనిపించేది.

అలాంటి సమయంలో జంగమ్మ తనంతట తానే దవాఖానకు వచ్చింది. మొగుడు చనిపోయాడు, కూలి చేసుకుని బతుకుతుంది. చంకలో పిల్ల. చంకలో ఉన్నదన్న మాటే గాని ఆ పిల్ల ఒక్క క్షణం ఆగలేదు. తల్లి భుజం మీదికెక్కింది, కిందికి జారింది, నా బల్ల మీది దూది లాగింది, తూకం గుండు తీసి గుమ్మంలోంచి విసిరింది. పేరు సైదమ్మ. జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నారు.

జంగమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుంది. “నా గుడిసె ఎన్కనే మోట బావి ఉన్నది డాక్టరమ్మా. గోడ లేదు, గీడ లేదు. దీన్ని మంచం కోడుకు తాడేసి కట్టి కూలికి పోతున్న. మొన్న తాడు కొరుక్కొని పోయి బావి ఒడ్డున కూసున్నది. ఎవలో సూసి గుంజుకొచ్చిన్రు. ఇంకోపారి ఎవలు సూస్తరు? గా గోళీలు దీనికి ఇయ్యుండ్రి,” అంది. పిల్ల కాలి చీలమండ మీద తాడు ఒరుసుకున్న నల్లని చార ఉంది. కూలికి పోకుంటే పొయ్యి వెలగదు, పోతే పిల్ల దక్కుతుందో లేదో తెలియదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు కదా, జంగమ్మకు ఆ నుయ్యి నిజంగానే ఇంటి వెనక ఉంది.

పిల్ల వయసు అడిగాను. ఆరేళ్లు నిండాయంది. చూస్తే అలా లేదు, కానీ మా ప్రాంతంలో పిల్లలు వయసుకు తగ్గట్టు ఎదగడం నేను ఎక్కువ చూడలేదు. బడి రిజిస్టరులో పేరుండాలి కనుక అప్పుడే ఇద్దరినీ బడికి తీసుకుపోయాను. అప్పట్లో పుట్టిన తేదీలు ఎవరికీ ఉండేవి కావు. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లను కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవారు. చెవి అందితే వయసు వచ్చినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. చెవి అందుకున్న పిల్లలందరికీ ఒకే నెలలో పుట్టినట్టు తేదీలు పడేవి.

పంతులుగారు చెవి అందుకో అన్నారు. సైదమ్మ వేళ్లు చెవికి బెత్తెడు దూరంలో ఆగాయి. జంగమ్మ బుజ్జగిస్తున్నట్టు పిల్ల తల నిమురుతూ దాన్ని మెల్లగా పక్కకు వంచింది. వేళ్లు చెవికి తగిలాయి. పంతులుగారు చూశారు, నేను చూశాను. ఆయనకు రిజిస్టరులో ఆడపిల్లల సంఖ్య పెరగాలి. నాకు ఇరవయ్యో పిల్ల కావాలి. జంగమ్మకు గోళీలు కావాలి. ముగ్గురిలో ఎవరమూ నోరు తెరవలేదు. ఆయన ఆరు అని రాశారు, అది చూసి నేను నా ఫారంలో ఆరు అని రాశాను. నిలకడ లేదన్న కాగితం రాయడానికి ఆయనకు ఆలోచన అవసరం కాలేదు. ఈలోపే పిల్ల సిరాబుడ్డి ఒలకబోసింది.

ఆ సాయంత్రమే పిల్లను జోలెలో వేసి కాటాకు తగిలించి బరువు చూశాను. జంగమ్మ బొటనవేలికి సిరా అద్ది వేలిముద్ర తీసుకున్నాను. ఫారంలోని సంగతులు చదవబోతే వద్దంది. “నువ్వు సెప్పినంక ఇంకేంది డాక్టరమ్మా,” అంది. నేనూ బలవంతం చేయలేదు. అప్పటికి బాగా అలిసిపోయి ఉన్నాను. ఇరవై మందీ పూర్తయ్యారు కనుక మర్నాడు డబ్బాలన్నీ ఒకేసారి పంచాను, సైదమ్మకు ఇరవయ్యో నంబరు వచ్చింది.

మొదటి వారం వెళ్లేసరికి సైదమ్మ గడప మీద కూర్చుని ఉంది. తాడు లేదు. ముందు చింతగింజలు, వాటిని ఒకటొకటిగా వరసలో పెడుతోంది. పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తి చూసింది. నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోవడం ఎందుకు? నా ఉద్యోగంలో మందిచ్చిన చోటికి మళ్లీ వెళ్లి నయమైన మనిషిని చూడడం తక్కువ. జంగమ్మ మొహం వెలిగిపోతోంది. ఏమైనా ఇబ్బందా అని అడిగాను. “ఏం లేదు డాక్టరమ్మా, మంచిగుంది. తిండికి సుత సతాయిస్తలేదు. పొద్దుగాల జర గట్క పోస్తే గదే పొద్దుమూకేదాక,” అంది. చివరి గడిలో ‘ఫిర్యాదు లేదు’ అని రాశాను.

రెండో వారం నుంచి అయిదో వారం దాకా అదే మాట. వేరే ఇళ్లలోనూ కొందరు తల్లులు ఇంచుమించు అలాగే చెప్పారు. బువ్వకు ఏడుస్తలేడు అని ఒకరు, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, తమ్మునికి ఇస్తున్నా అని ఇంకొకరు. ఆ మాటలు చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో మందుకు మెప్పు తప్ప వేరే ఏమీ లేదు. జొన్న గట్క కూడా కొలిచి పోసుకునే ఇళ్లవి. అడగని పిల్ల అంటే ఆ ఇంటికి దేవుడిచ్చిన వరమే. అందరికీ ‘ఫిర్యాదు లేదు’ అని అందంగా రాశాను. నా చేతిరాత బాగుంటుంది, పట్నంలో కూడా మెచ్చుకున్నారని మెడికల్ ఆఫీసరుగారు చెప్పారు.

ఆరో వారం కాటా పట్టుకుని మొదట జంగమ్మ ఇంటికే వెళ్లాను. సైదమ్మను జోలెలో వేసి ఎత్తితే ముల్లు పాత అంకెకు చేరలేదు. కాటా చెడిందనుకుని విడిచి మళ్లీ తగిలించాను. నాలుగు పౌన్లు తగ్గింది. అంత చిన్న ఒంట్లోంచి నాలుగు పౌన్లు ఎక్కడినుంచి పోయాయోనని అప్పుడు సరిగ్గా చూశాను. మొహంలో కళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. చింతగింజలు పెట్టే చెయ్యి వణుకుతోంది. వారం వారం ఆ పిల్లను చూస్తూనే ఉన్నాను, ఫారంలో అడిగినవే చూశాను. రాత్రిళ్లు నిద్రపోతుందా అని అడిగితే, కళ్లు తెరుచుకుని పండుకుంటుంది గానీ లొల్లి చేయదని జంగమ్మ చెప్పింది. అది కూడా ఆమెకు ఫిర్యాదు కాదు.

అక్కడినుంచి నేరుగా ఖాజాబీ ఇంటికి వెళ్లాను. ఆ ఊళ్లో కాన్పులన్నీ చేసే మంత్రసాని ఆమె. చేతులు కడుక్కోవాలని ఆమెకు పాఠం చెప్పడానికి వారానికోసారి వెళ్లేదాన్ని, ఆమెను ఏదైనా అడగడానికి అంతకుముందు ఎన్నడూ వెళ్లలేదు. సైదమ్మ ఎప్పుడు పుట్టిందని అడిగాను. ఖాజాబీ ఆలోచించను కూడా లేదు. “సమితి ఆఫీసుకు కొబ్బరికాయ కొట్టిన్రు చూడు, గా నెలల పుట్టింది. గిప్పటికి అయిదు సుత నిండలే. నన్నొక్క మాట అడిగితే సెప్పకపోదునా బేటీ? ఊళ్లె పిల్లలందరి లెక్క నా తాన్నే ఉన్నది,” అంది. పంచాయతీ సమితి వచ్చింది యాభై తొమ్మిది చివర్లో. అయిదేళ్లు కూడా నిండని పిల్లకు ఆరు దాటినవాళ్ల మోతాదు ఇచ్చాను. ఇచ్చింది నేను. డాక్టరుగారు కాదు, పంతులుగారు కాదు.

మర్నాడు డబ్బా తీసుకోవడానికి జంగమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె డబ్బాను కొంగులో పెట్టుకుని మూట కట్టింది. ఇవ్వనంది. పిల్ల బరువు తగ్గిందనీ, ఇలాగే ఉంటే దక్కదనీ చెప్పాను. “బక్కగైతే అయింది, బతికైతే ఉన్నది గద! గోళీలు ఆపితె బావిల పడ్తది. అప్పుడు నువ్వొచ్చి బరువు సూస్తవా?” అంది. వయసు తప్పు రాసింది నేనేనని, తల వంచడం చూసి కూడా రాశానని చెప్పేశాను. జంగమ్మ నన్ను తిట్టలేదు. “వంచింది నేను గద,” అని కొంగు ముడి విప్పి డబ్బా నేల మీద పెట్టింది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

జరిగింది జరిగినట్టు రాసి మెడికల్ ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను. మా పద్ధతిలో ఏ కాగితమైనా పై అధికారి చేతిమీదుగానే పైకి పోవాలి. ఆయన రెండుసార్లు చదివారు. ఈ కాగితం పంపితే నా చెయ్యి నేనే కాల్చుకున్నట్టవుతుందనీ, పిల్ల ఊరు విడిచి వెళ్లిందని ఒక ముక్క రాస్తే సరిపోతుందనీ అన్నారు. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని ‘పరిశీలన నిమిత్తం సమర్పించడమైనది’ అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం తనకూ మంచి చేయదని తెలిసే పెట్టారు.

వారం తిరక్కుండా పట్నం డాక్టరుగారు జీపులో వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇళ్లు చూపించమన్నారు. మొదటి ఇంట్లో ఆయనే ఏమైనా ఇబ్బందా అని తల్లిని అడిగారు. “ఏం లేదు సారూ, మంచిగుంది, బువ్వకు ఏడుస్తలేడు,” అందామె. రెండో ఇంట్లోనూ ఇంచుమించు అదే మాట. మూడో ఇంట్లో ఆయన ప్రశ్న మార్చి, నిన్న పొద్దుటినుంచి పిల్లవాడు ఏమేం తిన్నాడని అడిగారు. ఆ తల్లి చాలాసేపు తలుచుకుని చారెడు అటుకులు అంది. ఆయన జీపు ఎక్కి కూర్చుని ఫారాల కట్టను ఒళ్లో పెట్టుకుని చివరి గడి ఒక్కటే వరసగా తిప్పుతూ పోయారు. ఇరవై మంది పిల్లల ఫారాలు, అన్నింట్లోనూ నా అందమైన చేతిరాత. ఈ ప్రశ్న రాసింది తానేననీ, పిల్ల తినకపోతే తల్లి గోల పెడుతుందని తాను అనుకున్నాననీ మెల్లగా చెప్పారు. ఆయన ఇంట్లో పిల్లలు తినకపోతే పెద్దవాళ్లు గోల పెట్టే ఉంటారు.

ఆ రోజే ఇరవై డబ్బాలూ వెనక్కి తీసుకున్నారు. బీరువా జాబితా తీసినప్పుడు ఇరవయ్యో డబ్బాలో ఉన్నది అసలు మందేనని తరువాత ఉత్తరం వచ్చింది. చక్కెర గోళీలు తిన్న పిల్లల తల్లులు కూడా జర నయమైందనే చెప్పారు. వాళ్ల పిల్లలు మాత్రం గట్కకు ఏడుస్తూనే ఉన్నారు. తేడా అంతా అక్కడే ఉంది, దాన్ని రాయడానికి నా ఫారంలో గడి లేదు. పరిశోధనలో మా సెంటరు కాగితాలన్నీ పక్కన పెట్టారు. నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జవాబు ఇచ్చాక సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక ఎక్కింది. అది న్యాయమే.

బావి సంగతి మిగిలిపోయింది. సర్పంచు చుట్టూ తిరిగి ముళ్లకంచె వేయించాను. చలికాలం ముగిసేలోగా ఆ ముళ్లు ఎవరెవరి పొయ్యిల్లోకో వెళ్లాయి. జంగమ్మ మళ్లీ మంచం కోడుకు తాడు కట్టింది. దారి చెప్పింది ఖాజాబీ. పిల్ల ఆగదు, బావి పోదు, ఈత నేర్పుండ్రి అంది. ఎండాకాలం నీళ్లు కిందికి దిగాక జంగమ్మ తమ్ముడు పిల్ల నడుముకు నీళ్లలో తేలే మునగ బెండు కట్టి అదే బావిలో దింపాడు. నేను ఒడ్డున నిలబడి చూడలేక వెనక్కి తిరిగాను. నాకు బదిలీ అయ్యేనాటికి ఆ పిల్ల బెండు లేకుండా ఈదుతోంది. బడిలో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు.

మందు ఆపిన రెండు వారాలకు నేను జంగమ్మ ఇంటికి వెళ్లినప్పటి మాట ఒకటి చెప్పాలి. గడప దాటకముందే జంగమ్మ ఎదురొచ్చింది. విసిగిపోయి ఉంది. “ఏం జేతు డాక్టరమ్మా, మల్ల తిండికి సతాయిస్తాంది. పొద్దటి సంది మూడుమాట్ల అడిగింది,” అంది. లోపల కుండ మీద గరిటెతో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఫారాలు అప్పటికే పట్నం వెళ్లిపోయాయి. నా డైరీలో తేదీ వేసి, ‘తల్లి ఫిర్యాదు చేసింది’ అని రాసుకున్నాను.

ఆ తరువాత ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేశాను. కింద పనిచేసే పిల్లలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ కథంతా చెప్పేదాన్ని కాదు, ఓపిక ఉండేది కాదు. రెండే చెప్పేదాన్ని. వయసు రాసేముందు మంత్రసానిని అడగండి. బాగుందని ఏ తల్లి అన్నా, నిన్న పిల్ల ఏం తిన్నదో అడిగి, కుండ మూత తీసి చూసి, అప్పుడు రాయండి.